చివరి పీట

"అక్కా, ఇవాళ నువ్వు వంటింట్లోకి రాకు" అంది ఊర్మిళ, కొబ్బరిపాలు పిండుతూ.

శేవంతకి ఒళ్లు మండింది. మాల్వణ్‌లో ఆ ఇంటి వంటంతా ఇన్నేళ్లూ ఆమె చేతిదే. తోడికోడలు కొచ్చి చూసొచ్చి అరిటాకులో కాల్చిన చేప పెట్టిందో లేదో, ఇంట్లో మగాళ్లంతా ఊర్మిళ జపమే చేస్తున్నారు.

ఊర్మిళ ఆ పాలలో కోకం పళ్ల పులుసు కలిపి, భోజనంలో చల్లగా తాగే గులాబిరంగు సోల్‌కఢీని పొయ్యెక్కించింది.

వేడి తగిలితే అది విరిగిపోతుంది. ఆ సంగతి తెలిసీ శేవంత గుమ్మంలోంచి కదల్లేదు. విరగనీ, పదిమందిలో దీని పరువు పోనీ అనుకుంది.

"వేడిగా ఇస్తావా?" అనడిగింది తియ్యగా.

"అవునక్కా. కొచ్చిలో భోజనంతో పాటు, ఏదో చెక్క వేసి కాచిన గులాబిరంగు నీళ్లు వేడిగానే ఇచ్చారు. ఎంత బావున్నాయో!"

వసారాలో మగాళ్లు పీటల మీద కూర్చున్నారు. చివర ఒక పీట ఖాళీగా ఉంది.

"అదెవరికే?"

"నీకే! నేనీ ఇంటికొచ్చాక నువ్వు వేడన్నం తినగా చూళ్లేదు. అందరూ లేచాక గిన్నెలు గీరుకుని తింటావు. ఇవాళ నువ్వు మొదటి పంక్తిలో కూచో, నేను వడ్డిస్తా. అత్తయ్యతో పోట్లాడి మరీ ఒప్పించా."

శేవంత ఒక్క అంగలో పొయ్యి దగ్గరికెళ్లి, ఉత్త చేతుల్తోనే గిన్నె దించేసింది. అప్పటికే పాలు తరకలు తరకలైపోయాయి.

ఊర్మిళ మొహం పాలిపోయింది.

"సోల్‌కఢీ ఏదర్రా?" వసారాలోంచి అత్తగారు కేకేసింది.

"నేనే విరగ్గొట్టానత్తయ్యా!" అని బదులిచ్చి, శేవంత కాలిన వేళ్లు ఊదుకుంటూ కొబ్బరికాయ అందుకుంది.