కొత్త సంచి

కొత్త సంచి భుజాన వేసుకుని టైలర్ మాస్టారి కొట్టు మెట్టెక్కానో లేదో, ఆయన కత్తెర టప్పున బల్లమీద కొట్టాడు.

"ఎవరమ్మా నువ్వు? అడుక్కోడానికి వేళాపాళా లేదా?"

రెండేళ్లుగా ఆరోగ్య కార్యకర్తగా నెలనెలా ఆయన దగ్గరికి వస్తున్నదాన్ని. నా ఫోన్లో, వీడియోలోనే డాక్టరమ్మ ఆయన్ని చూసి మందులు రాస్తుంది. మాత్రలు రేపటితో ఆఖరు. ఈరోజు మాట్లాడకపోతే కొత్తవి రావు.

"ఐదు నిమిషాలు, మాస్టారూ. అవతల..."

"అవతలా లేదు, ఇవతలా లేదు! దిగు!"

కొలతలివ్వడానికొచ్చిన ఇద్దరాడవాళ్లలో ఒకావిడ నవ్వింది. ఇంకొకావిడ నా సంచికేసి కళ్లు చిట్లించింది. ఆయన లేచొచ్చి సంచి లాక్కుని మిషను కిందకి విసిరేశాడు.

"సాయంత్రం వచ్చి ఏడు!"

నాకు ఒళ్లు మండిపోయింది. చస్తే చావు అని పైకే అనేసి దిగిపోయాను.

సాయంత్రం కొట్లో ఆయనొక్కడే ఉన్నాడు. సంచి నా మొహాన కొట్టాడు. మా ఆఫీసువాళ్లు దానిమీద అరచేయంత అక్షరాలతో "ఇంటింటికీ హెచ్‌ఐవీ సేవ" అని అచ్చేయించిన చోట ఇప్పుడు నీలంగుడ్డ జేబు ఉంది, మూడు వరసల కుట్టుతో.

"నీకు బుద్ధుందా? ఆవిడ 'ఇంటింటికీ' దాకా చదివేసింది. ఇంకొక్క ముక్క చదివుంటే ఈ వీధిలో నా దగ్గర ఎవడు కుట్టించుకుంటాడే?" ఆయన షట్టరు వైపు నడిచాడు. "డాక్టరమ్మ వెళ్లిపోకముందే కలుపు."

ఆయన షట్టరు దించాడు. నేను ఫోన్ కలిపాను.

ఆ పొద్దున నేను ఆయన కొట్టు మెట్టెక్కకముందే, అదే సంచితో ఈ మందులే వాడే నాలుగిళ్లు తిరిగొచ్చాను.