పైకి పోని గీత

ఆదిలాబాద్ టెలిఫోన్ ఆఫీసు గోడ నిండా గీతలే. ఏ ఊరి గీత చూసినా పైకే పోతోంది.

అవన్నీ గీసింది ప్రమోదిని. ఏ ఊళ్లో ఎన్ని ఫోన్లు మోగుతున్నాయో చూసి, ఐదేళ్ల తర్వాత ఎన్ని మోగుతాయో అంచనా కట్టడం ఆమె పని. చేరిన కొత్తలో పల్లె ఫోన్లు పలుకుతున్నాయో లేదో రోజూ పరీక్షించేది. ఆ పనికి యంత్రం వచ్చాక ఆమెను గీతల దగ్గర కూర్చోబెట్టారు.

గీతలు మాట్లాడవు. ప్రమోదినీ అంతే. అందరికన్నా ముందే ఆఫీసుకు వస్తుంది. మూలన కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న అన్నం తింటుంది. పొద్దుగూకాక అద్దె గదికి పోతుంది. ఆదివారమంతా బట్టలు ఉతుక్కుంటుంది. సుల్తానాబాద్ నుంచి వచ్చి ఏళ్లు గడిచినా, తిన్నావా అని అడిగే మనిషి ఆ పట్నంలో ఒక్కరూ దొరకలేదు.

"రేపు కంప్యూటర్లు గూడ గీ ఫోన్ల మీదనే ముచ్చట పెట్టుకుంటయట. ఇంటర్నెట్టు!" ఆఫీసరు శ్యాంసుందర్‌రావు గోడను మురిపెంగా చూసుకున్నాడు. "నీ గీతలకు గీ గోడ సాలదమ్మా. సీలింగు మీదికి ఎక్కియ్యాలె."

చూస్తూ చూస్తూ ఆయన వేలు ఒకచోట ఆగింది. జైనూర్ గుట్టల్లో చిన్న పల్లె. ఆ గీత లేవదు, పడదు. దండెం కట్టినట్టు ఉంది.

"గిదేంది? ఊరోళ్లు ఒక్కలు గూడ ఫోన్ చెయ్యరు. బయటి నుంచి మాత్రం రోజుకొకటి వస్తది. ఆదివారం రాదు. ఎవలు చేస్తున్నరు?"

యంత్రం లెక్క చెబుతుంది గానీ పేరు చెప్పదు. ప్రమోదిని తల వంచుకుని స్కేలూ పెన్సిలూ సర్దుకుంది.

"సొంతోళ్లు చేసుకునే ఫోనైతే ఉంచుదాం. ఉత్త తమాషా ఫోనైతే పీకి రోడ్డు మీది ఊరికిద్దాం. లైన్‌మన్ కొండల్‌ను తీస్కపోయి అర్సుకొని రా."

మర్నాడు తెల్లారకముందే బస్సెక్కారు. ప్రమోదిని మెడకు రుమాలు చుట్టుకుంది. ఏమైందని కొండల్ అడిగితే గొంతు చూపించి చెయ్యి ఊపింది.

"గొంతు వోయిందా మేడం? ఫికర్ చెయ్యకుండ్రి, నేను మాట్లాడుత. అయినా మీకు గొంతు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే!" తన మాటకు తనే నవ్వుకున్నాడు.

పల్లెలో దిగి, చాయ్ హోటల్లో ఫోనిల్లు ఎక్కడని అడిగారు. "బుచ్చవ్వ దుకాణమా? ఇంటి మీద గా ఫోన్ యాంటెనా కనవడ్తలేదా. మొగడు పోయిండు, పిల్లలు లేరు. ఫోన్ ముంగట పెట్టుకొని కూసుంటది ముసల్ది," అన్నాడు హోటలాయన.

నిజంగానే కూర్చుని ఉంది. బీడీలు, అగ్గిపెట్టెలు, సబ్బు బిళ్లల మధ్య చెక్కపెట్టె మీద ఫోను. దాని మీద ఉతికిన తువ్వాల కప్పి ఉంది.

ఆమె చాయ్ పోసి ఇచ్చాక కొండల్ సంగతి చెప్పాడు. ఫోను తీసేస్తారేమో అనగానే బుచ్చవ్వ చెయ్యి వెళ్లి తువ్వాల మీద పడింది.

"అయ్యో, ఎందుకు తీస్తరు సారూ? రోజు పొద్దుగాల ఫోన్ వస్తది. ఇయ్యాలనే రాలే. అప్పటి సంది సూస్తున్న."

"ఏం మాట్లాడుతరు?"

"ఇనవడుతుందా అవ్వా అంటది. ఇనవడుతుంది బిడ్డా అంట. ఇగ ముచ్చటంత నాదే. అది ఊఁ కొడ్తది. మొన్న నా మేక రెండు పిల్లలేసిందని చెప్పిన. ఒకటి తెల్లది, ఒకటి..."

"ఊఁ," అంది ప్రమోదిని.

నోరు తెరవలేదు. అలవాటున వచ్చేసింది. వెంటనే చాయ్ గ్లాసులోకి తల దించేసుకుంది.

బుచ్చవ్వ చెప్పడం ఆపేసింది.

"మేక సంగతి సరే. గామె ఎవలు, నీకేమైతది? మా సారు గదే అడుగుతుండు," అన్నాడు కొండల్.

బుచ్చవ్వ చెంగుతో ముఖం తుడుచుకుంది.

"నా బిడ్డ."

"నీకు పిల్లలు లేరన్నరు గదనే హోటల్ కాడ?"

"హోటలోడు నాకు పురుడు వోసిండా? వాని నోట్ల మన్నువడ!"

కొండల్ నవ్వాడు. "మరి ఆదివారం ఎందుకు చెయ్యది నీ బిడ్డ?"

"ఆదివారం బట్టలుతుకుడు ఉంటది. ఒక్కతే ఉంటది పట్నంల. సోపతి లేదు, సోది లేదు. వండుకుంటే తింటది, లేకుంటే పంటది. నాతోని గాకుంటే ఎవలతోని మాట్లాడాలె అది?"

ప్రమోదిని గ్లాసు ఎత్తిపట్టుకునే ఉంది. అందులో చాయ్ ఎప్పుడో అయిపోయింది.

"సొంతోళ్లే అన్నట్టు," కొండల్ లేచాడు. "ఇగ నీ ఫోన్‌కు ఢోకా లేదు పో అవ్వా. రాండ్రి మేడం, మళ్ల బస్సు దొరకది." హారన్ వినబడి అటు పరుగెత్తాడు.

ప్రమోదిని గడప దాటుతుంటే బుచ్చవ్వ చెయ్యి పట్టుకుంది. దుకాణంలోంచి శొంఠి కొమ్మొకటి తీసి అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఇయ్యాలంటే నువ్వే వచ్చినవ్, రేపు మాత్రం ఫోన్ చేసుడు మర్వకు బిడ్డా."