కాటమరాజు అడిగిన విత్తనం

శ్రీశైలమ్మ పుట్టింటికి అర్ధవీడు వెళ్లిన రోజు చూసి, ఆమె మొగుడు బ్రహ్మం గుట్టుగా పొయ్యి వెలిగించి వడ్లు ఉడకబెట్టాడు.

అవి అలాంటిలాంటి వడ్లు కావు. కంభం చెరువులో నీళ్లు అడుగంటిన ఏడు అందరి మళ్లూ ఎండిపోతే, బ్రహ్మం మడిలో మాత్రం కొన్ని ఎర్ర వెన్నులు గింజ పట్టాయి. వాటిని ఏరి దాచాడు. ఆ తర్వాత ఏటేటా మంచి వెన్నులే ఏరుకుంటూ విత్తనం నిలబెట్టాడు. ఆ బియ్యంతో వండిన చద్దన్నం పొద్దెక్కినా పాడవదు. గంజి కాస్తే బాలింతలకు బలం. కర్నూలు నుంచి వచ్చిన వ్యవసాయ శాఖ దొర ఒక గింజ కొరికి భేష్ అన్నాక, ఊరంతా వాటిని బ్రహ్మం వడ్లు అనడం మొదలుపెట్టింది. ఆ పేరు మనిషి తలకెక్కింది. ఆ వడ్లు ఇంకొకరి మడిలో పండడం అతనికి సుతరామూ ఇష్టం లేదు.

శ్రీశైలమ్మ పుట్టింటికి పోవడానికి కొన్నాళ్ల ముందు కాటమరాజు వచ్చాడు. రోగమొచ్చి గొర్రెలన్నీ పోతే, చెరువు కింద చివరి మడి కౌలుకు తీసుకున్నాడు.

"అన్నా, నీ వడ్లు ఒక మూట ఇయ్యి. ఈ పంట గూడా పోతే పిల్లోళ్లను తోలుకోని వలస పోవాల్సిందే."

విత్తనం అడిగినవాడికి లేదంటే ఇంట్లో గాదె నిండదని ఆ పల్లెలో నమ్మకం. బ్రహ్మం లేదనలేదు. ఇస్తానని చెప్పి పంపి, పెళ్లాం ఇంట్లో లేని రోజు పొయ్యి వెలిగించాడు. ఉడికిన వడ్లు ఎటూ మొలవవు. ఆరబెట్టి, బూడిద కలిపి, మూటగట్టి వసారాలో పెట్టాడు.

శ్రీశైలమ్మ తిరిగొచ్చాక, "కాటమరాజు వస్తే ఆ మూట ఇయ్యి" అని చెప్పి పొలానికి పోయాడు. తన చేత్తో ఇవ్వడానికి మొహం చెల్లలేదు.

ఆ మర్నాటి నుంచి బ్రహ్మానికి అన్నం దిగలేదు. ముద్ద నోట్లో పెడితే మగ్గిన వాసన. గంజి తాగినా అదే, చద్దన్నం కలిపినా అదే.

"ఈ అన్నం ఏంది, ఇట్లుంది?"

"ఎట్లుంది? నీ వడ్ల బియ్యమే. తిను" అంది శ్రీశైలమ్మ, ఇంకో గరిటె వడ్డిస్తూ.

తను చేసిన పాపమే కంచంలోకి వచ్చిందనుకున్నాడు. కాటమరాజు పిల్లలు మూటలు నెత్తిన పెట్టుకుని ఊరు దాటుతున్నట్టు కళ్లకు కట్టేది. చెరువు వైపు పోవడమే మానేశాడు. సిగ్గుతో చచ్చిపోయేవాడు.

చివరికి తట్టుకోలేక, కాటమరాజు కాళ్లు పట్టుకుందామని బయల్దేరాడు. మడి గట్టు ఎక్కి నిలబడిపోయాడు. నారు పచ్చగా, ఒత్తుగా ఉంది.

"ఒక్క గింజ గూడా పోలేదన్నా! నీ పేరు చెప్పుకోని బతుకుతాం" అని కాటమరాజు చేతులు పట్టుకున్నాడు.

బ్రహ్మం ఇంటికి పరుగున వచ్చాడు. శ్రీశైలమ్మ రోలు దగ్గర వడ్లు దంచుతోంది.

"తప్పు చేసినానే! వాడికిచ్చిన వడ్లు నేను ఉడకబెట్టినాను. అవి ఎట్ల మొలిచినయి?"

శ్రీశైలమ్మ రోకలి ఆపలేదు.

"మూట ఇప్పంగానే వాసన తెలిసిపోయింది. వాడికి మన గాదెలోవి కొలిచిచ్చి, నువ్వు ఉడకబెట్టినవి దంచి దినామూ నీకే వండి పెడుతుండా."