పిండి మాత్ర

"మీరే చెప్పండి మేడమ్. నా నోట్లో నుంచి ఆ మాట రాదు," అంది రూతు, కారు ఆళ్లగడ్డలోకి మలుపు తిరుగుతుండగా.

డాక్టర్ రంజని ఒళ్లోని ఫలితాల కాగితం మరోసారి తిరగేసింది. నంద్యాలలో బయలుదేరినప్పటి నుంచీ అదే పని. రూతు ఆమె దగ్గర నర్సు. నెలనెలా ఈ ఊరి రోగుల రక్తం తీసిందీ, మాత్రల సీసాలు అందించిందీ రూతే. ఇప్పుడు వాళ్ల మొహాలు చూడటానికి ఆమెకూ ధైర్యం చాలడం లేదు.

ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి సొంత కీళ్లను కొరుక్కుతినే జబ్బు కీళ్లవాతం. దానికి తయారైన ఒక కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చడం రంజని పరిశోధన. ఆళ్లగడ్డ రోగుల్లో సగం మందికి అసలు మందు, తక్కిన సగానికి అచ్చం అలాగే కనిపించే పిండి మాత్ర. ఎవరిది ఏదన్నది సీసా మీది నంబరును బట్టి హైదరాబాదులో లెక్కలు కట్టేవాళ్లకే తెలుసు. రంజనికి కూడా చెప్పరు. నిన్ననే ఆ గుట్టు విప్పి ఫలితం పంపారు. మందు వాళ్లూ, పిండి వాళ్లూ ఒక్కలాగే ఉన్నారట. అలాంటప్పుడు ఆ మందెందుకు? ఇక తయారీ ఆపేస్తున్నారు.

"మందు పడినవాళ్లకు జబ్బు సగమే తగ్గడం ఏంటి? పిండి పడినవాళ్లకు కూడా సగం తగ్గడం ఏంటి? నమ్మకంతో నొప్పి తగ్గిందనుకుందాం. రక్త పరీక్షలో వాపు కూడా తగ్గిందే రూతూ!"

"నాకూ అంతుబట్టల్యా మేడమ్. సీసాలన్నీ ఖాళీ చేసే తెచ్చిచ్చినారు. ఒక్కరన్నా ఎగ్గొట్టలేదు."

రంజని ఫోన్ మోగింది. అహోబిలం నుంచి అమ్మ, కమలవల్లి.

"ఏమే, ఆ మందు బయటికి ఎప్పుడొస్తుంది?"

స్వామికి తులసిమాలలు కట్టిన చేతులు ఆమెవి. ఇప్పుడు అదే జబ్బుతో ముడి వేయడానికి వేళ్లు వంగవు. కూతురే పరిశోధన చేస్తోంది కాబట్టి తల్లిని అందులో చేర్చుకోవడానికి వీల్లేదు. మందు అంగడికి వచ్చేదాకా ఆగమని రంజనే చెప్పింది.

"చూద్దాంలే అమ్మా," అని పెట్టేసింది. కళ్లు తుడుచుకుని కారు దిగింది.

లక్ష్మీకాంతమ్మ చిల్లర అంగడి అరుగు మీద రోగులంతా ముందే చేరి ఉన్నారు. శుభవార్త మోసుకొస్తోందని వాళ్ల ఆశ. లక్ష్మీకాంతమ్మ కాగితం ముక్కల్లో బొరుగులు పెడుతూ, ఒకదాంట్లో ఎక్కువ పడితే పిడికెడు తీసి పక్కదాంట్లో వేస్తోంది.

"నాకింక చాల్లే వదినా," అంది మంజుల.

"ఊరుకో. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అయితే నాకు నిద్ర పట్టదు. రాండి మేడమ్, కూచోండి."

నిరుడు ఇదే అరుగు మీద రంజని వాళ్లకు అన్నీ వివరించింది. పిండి మాత్ర సంగతి కూడా దాచలేదు. "పిండి పడినోళ్ల గతేంది మేడమ్? ఊరికే నొప్పి పడాల్నా?" అని శిల్పి గురవయ్య నిలదీశాడు. లక్ష్మీకాంతమ్మే అందరి మొహాలూ ఒకసారి చూసి, "సంతకాలు పెట్టండప్పా, అది మనం చూసుకుందాంలే," అని గట్టెక్కించింది. ఆ మేలు రంజని మరచిపోలేదు.

గురవయ్య సంచిలోంచి అరచేయంత నరసింహస్వామిని తీశాడు. నల్లరాయి.

"ఉలి పట్టుకోలేక మూలబడినోణ్ణి. ఇప్పుడు జూలు గీతలు గూడా నేనే చెక్కినా. మీ మందు చలవే మేడమ్. మీ అమ్మకియ్యండి."

రంజని విగ్రహం అందుకుంది. అతని నంబరు ఏ వరుసలో ఉందో నిన్నే చూసింది.

"గురవయ్యన్నా, నీ సీసాలో ఉన్నది మందు కాదు. పిండి."

అతను ఉలిక్కిపడలేదు. లక్ష్మీకాంతమ్మ వైపు చూశాడు, అంతే.

"మందూ పిండీ ఒకటేనని తేలింది. మందు ఆపేస్తున్నారు. ఈ నెల మిగిలిన మాత్రలు కూడా వెనక్కి తీసుకోవాలి. నన్ను క్షమించండి."

మంజుల తన వేళ్లు చూసుకుని ఏడుపు అందుకుంది. "మళ్లా జడేసుకునేదానికి గూడా ఒకరిని అడుక్కునే బతుకేనా నాది?"

"మరి నాకు పడిందేంది మేడమ్?" అడిగింది లక్ష్మీకాంతమ్మ.

"అసలు మందు. కానీ మీకూ గురవయ్యన్నకూ ఏమీ తేడా కనిపించలేదు. అందుకే పనికిరాదన్నారు."

"తేడా యాడ కనపడ్తాది?"

ఆమె లేచి లోపలికి వెళ్లింది. పెద్ద బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చి మూత తీసి రంజని ముందు పెట్టింది. తెల్లటి మాత్రలు, సగానికి పైగా ఉన్నాయి.

రూతు తొంగిచూసి బిత్తరపోయింది. "ఇన్నా? ఎవరివమ్మా ఇవి?"

"అందరివీ కలిపి సమంగా పంచుకుంటాండాం."