వేపచెట్టు కొలత

సాలమ్మ భయమంతా ఒక్కటే: రోడ్డు పక్కన తాము అంబలి అమ్ముకునే ఆ వేపచెట్టును కొట్టేస్తే నాలుగు నెలల పిల్ల ఎండకు బతకదు. మొదటి బిడ్డను వడగాలికే పోగొట్టుకుంది.

"జర పక్కకు జరుగమ్మా" అన్నాడు మున్సిపాలిటీ సర్వేయరు రామచంద్రయ్య, టేపు విప్పుతూ.

"కొమ్మకు ఉయ్యాల కట్టిన సారూ. పిల్ల ఇప్పుడే నిద్రవోయింది. ఏం కొలుస్తరు?"

"నీడ."

"నీడను గూడ కొలుస్తరా! కొలిచి?"

"బస్టాండుదాంక రోడ్డు వెడల్పు చేస్తుండ్రు. పాలమూరు చెట్లన్నిటి లెక్క కావాలె." ఆయన తలెత్తి చూశాడు. "పొద్దు వాలింది, నీడ సాగింది. రేపు పొద్దు నెత్తిమీదికొచ్చినంక వస్త."

ఆయన అటు పోగానే, అంబలి కుండ ముందు కూర్చున్న అత్త బక్కమ్మ నోరు విప్పింది.

"మా అవ్వగారి ఊర్ల కట్టెల షావుకారి గిట్లనే చెట్లకు తాడేసి కొలిచిండు. పెద్దయి ఏరి కొట్టుకపోయిండు. చిన్నయి ముట్టలే."

సాలమ్మ చప్పున లేచింది. పొద్దంతా బండ్లవాళ్లకు అంబలి పోసి నడుము పడిపోయినా, మేకలు తోలుకొస్తున్న మొగుడు బీరన్నకు ఎదురు పోయింది.

"మండలు కొట్టు. ఉయ్యాల కొమ్మ ఇడిసి, అన్నీ కొట్టు."

"పిచ్చి లేసిందా? ఎండాకాలం ఎట్లనే?"

"వానలు పడితే మల్ల చిగురేస్తది. చెట్టే పోతే?"

"నా మేకలకైతే పండుగే" అంటూ బీరన్న గొడ్డలి పట్టి చెట్టెక్కాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం రామచంద్రయ్య చెట్టును చూసి నిలబడిపోయాడు.

"ఏంది గిది? నిన్న గొడుగు లెక్కుండె!"

"మేకలకు మేత కావాలె గద సారూ."

"బండ్లోళ్లు ఆగుతరా? ఎవలన్న కూసుంటరా?"

"ఎవ్వలు రారు. ఉత్త పనికిరాని చెట్టు" అంది సాలమ్మ. బక్కమ్మ అంబలి కుండ మీద చెంగు కప్పింది.

ఆయన ఉన్న కొంచెం నీడనూ కొలిచి, నిట్టూర్చి, మొదలు మీద సున్నంతో గీత గీశాడు. సాలమ్మకు ఊపిరి తిరిగింది. ఎన్నాళ్లకో నవ్వు కూడా వచ్చింది.

"ఎదురుంగున్న చింతచెట్టుకు గీత పెట్టకపోతిరి సారూ? గంత పెద్దది, ముందుగాల దాన్నే కొడతరా?"

"దాన్నెందుకు కొడతం?" ఆయన చేతుల సున్నం దులుపుకున్నాడు.

"నీడ మంచిగుంటే రోడ్డునే పక్కకు జరుపుతమమ్మా."