ఇందుమతి గొంతు

విశాఖలోని ఆ రొయ్యల ఎగుమతి కంపెనీలో మేనేజర్లు నోరు విప్పడం మానేసి చాలాకాలమైంది. మెచ్చుకోలైనా మందలింపైనా, మేనేజరు గొంతుతోనే యంత్రం ప్రతి ఉద్యోగి చెవిలో చెప్పేది. దానికి విసుగు రాదు, మాట తూలదు.

ఆ ఉదయం మాత్రం మేనేజరు ఇందుమతి స్వయంగా ప్యాకింగ్ హాలుకు దిగివచ్చింది. ఉద్యోగంలోంచి తీసేయబోయేవాళ్ల జాబితాలో ప్యాకింగ్ పనివాడు అప్పలనాయుడి పేరుంటే, పైవాళ్లతో పోట్లాడి అతని ఉద్యోగం నిలబెట్టింది. ఆ మాట తన నోటితోనే చెప్పాలనుకుంది.

అతను అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు.

"ఎక్కడికి నాయుడూ? నీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు."

"నిన్ననే ఎల్లిపొమ్మన్నారు కదా మేడంగారూ! చెప్తూ చెప్తూ మీరే ఏడ్సేసినారు. ఊరుకోండమ్మా అని నానే ఓదార్చినాను."

ఇందుమతి ఒక అడుగు ముందుకేసింది. "అది నేను కాదయ్యా! ఇదిగో, నీ ఎదుట నిలబడ్డానే, ఇది నేను. ఉండిపో."

అప్పలనాయుడు తటపటాయించాడు. అంతలో అతని ఇయర్‌ఫోన్‌లోంచి సన్నగా ఆమె గొంతే వినిపించింది. అదెంత ఆప్యాయంగా ఉందంటే, ఒక్క క్షణం ఆమె కూడా వింటూ ఉండిపోయింది.

అతను కళ్లు తుడుచుకుని సంచి భుజాన వేసుకున్నాడు.

"ఏటీ అనుకోకండమ్మా," అన్నాడు ఆమెతో. "మేడంగారు ఉండొద్దంతన్నారు."