గోడచెవి

గోడలకు చెవులుంటాయన్న సామెత ఎగువ నగరంలో చట్టమైపోయింది. సముద్రం మింగేసిన తీరం నుంచి ఎవరూ గట్టు దాటి రాకూడదు. తీరం యాస వినబడిందా, ప్రతి ఇంటి గోడలో బిగించిన గోడచెవి పట్టిస్తుంది. ఇంటిల్లిపాదీ మళ్లీ పడవెక్కాల్సిందే. దొంగచాటుగా వచ్చిన దాలమ్మ తొమ్మిదేళ్లలో ఆనపకాయను సొరకాయ అనడం నేర్చుకుంది. ఆమె తల్లి మాత్రం నాలుక తిరగక, నోరే కట్టేసుకుంది.

ఆ తల్లి ఈ ఉదయం కన్నుమూసింది.

"ఓలమ్మో" అన్న కేక గొంతుదాకా వచ్చేసరికి మొగుడు అప్పన్న దాలమ్మ నోరు మూశాడు.

"ఏడిస్తే ఏడు గానీ, మాటల్లేకండా ఏడే," అని చెవిలో గొణిగాడు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని తల్లి పాదాల దగ్గర కూర్చుంది.

చూడవచ్చిన పక్కింటామె గుమ్మంలోనే పెదవి విరిచింది:

"ఏం రాతిగుండెనో! కన్నతల్లి పోతే అమ్మా అని ఒక్కపారన్న అనకపాయె."